సియా గారి అరవై ఒక్క చేపలు

ప్రయోంగ్ దగ్గర చేప కొంటే పుణ్యం ఎంత వస్తుందో చెప్పలేం గానీ మాటలు మాత్రం బోలెడు వస్తాయి. బ్యాంకాక్ అవతల బాంగ్ సనో ఊళ్లో, కాలువ మీది గుడి రేవులో, నీళ్లలోకి దిగే మెట్ల పక్కన, ఆరు ప్లాస్టిక్ తొట్లు పెట్టుకుని కూచుంటుంది. ఒక్కో తొట్టికీ ఒక అట్టముక్క. పాముచేపల తొట్టికి "పనులు సాఫీగా జరగడానికి" అని. మీసాల జెల్లలకు "శత్రువుల మీద గెలుపుకు" అని. నత్తలకు "చేదు రోజులు పోవడానికి". తాబేళ్లకు "నిండు నూరేళ్లకు". జనం కొనుక్కుని మెట్లు దిగి, అగరొత్తి వెలిగించి, మనసులో కోరిక చెప్పుకుని, కాలువలోకి వదిలేస్తారు.

"మీ ఆయనకి ఆఫీసులో పైవాడితో గొడవన్నావుగా తల్లీ, నత్తలేం చేస్తాయి? జెల్లలు పట్టుకెళ్లు" అంటుంది ప్రయోంగ్. "మూడు వదిలావంటే వాడికి బదిలీ. అయిదు వదిలావంటే వాడి మీద పైవాడికి కూడా బదిలీ."

ఆ వచ్చినావిడ నవ్వుకుంటూ అయిదూ కొంటుంది. బేరం అంటే అది.

ఈ బేరం వెనక రెండు సంగతులున్నాయి, ప్రయోంగ్ ఎవరికీ చెప్పనివి. ఒకటేమిటంటే, ఆవిడ తొట్లలో ఉండేవన్నీ మూతి పైకెత్తి గాలి మింగి బతకగలిగే మొండి జీవాలే. జెల్ల, కొర్రమీను, పాముచేప. నీళ్లలోని గాలినే నమ్ముకుని బతికే సుకుమారపు చేపల్ని ఆవిడ ఆరేళ్లుగా తేవడం మానేసింది. ఎందుకంటే ఆరేళ్ల కిందట కాలువ ఎగువన కిమ్‌లెంగ్ అనే షావుకారు, ఊరంతా సియా అని, అంటే డబ్బున్న ఆసామి అని పిలిచేవాడు, బట్టలకు రంగులద్దే మిల్లు పెట్టాడు. సోమవారం కాలువ నీలం. గురువారం ఎరుపు. పండగల ముందు ఏ రంగూ కాని ఒక బురద రంగు, దాని మీద సబ్బు నురగ. వచ్చే నెల బ్యాంకాక్‌లో కుర్రకారు ఏ రంగు చొక్కాలు తొడుగుతారో అందరికంటే ముందు బాంగ్ సనో వాళ్లకి తెలిసిపోయేది.

ముందు రొయ్యలు పోయాయి. రంగు నీళ్లలోంచి ఎండ కిందికి దిగక అడుగున నాచూ గడ్డీ కుళ్లిపోయాయి. గడ్డి పోయాక నీళ్లలో గాలి తగ్గింది. వెండి పరిగెలు, అంటే ఆ తెల్లటి పొలుసుల చేపలు, ఒక వేసవిలో గుంపులు గుంపులుగా పైకొచ్చి నోళ్లు తెరిచి, ఇక కిందికి వెళ్లలేదు. వాటిని తినే కొంగలు వారం రోజులు విందు చేసుకుని, ఆ తర్వాత అవి కూడా కనబడలేదు. చివరికి గుంజలకి అంటుకునే నత్తలు సైతం రాలిపోయాయి. ప్రయోంగ్ అమ్మే నత్తలు మూడు ఊళ్ల అవతల నుంచి బస్సులో వస్తాయి.

రెండో సంగతి ఇంకా చిలిపిది. రేవు దాటాక కాలువ మలుపు తిరిగే చోట, తుంగ పొదల చాటున, ప్రయోంగ్ ఒక వెదురు మావు, అంటే చేప లోపలికి దూరితే బయటికి రాలేని బుట్ట, పెట్టింది. పొద్దున భక్తులు వదిలిన జెల్లలు మధ్యాహ్నానికి ఆ మావులో పడేవి. సాయంత్రానికి మళ్లీ తొట్టిలో. ఒక జెల్లకి ఎడమ మీసం రెండుగా చీలి ఉండేది. దానికి గుమాస్తా అని పేరు పెట్టింది. తొమ్మిదికి డ్యూటీ ఎక్కి, పన్నెండుకి దిగి, మర్నాడు తొమ్మిదికి మళ్లీ హాజరు. ఆ ఒక్క జెల్ల ఎన్ని కుటుంబాల శత్రువుల్ని ఓడించిందో లెక్కలేదు.

ఆ గుమాస్తాకి వానాకాలం మొదట్లో ఒంటి మీద పుండ్లు లేచాయి. ప్రయోంగ్ పసుపు రాసింది. మంచినీళ్ల తొట్టిలో నాలుగు రోజులు సెలవిచ్చింది. అయిదో రోజు డ్యూటీకి వెళ్లి మావులోకి వెల్లకిలా వచ్చింది. బతుకంతా చేపలమ్మిన మనిషి, ఒక జెల్ల కోసం ఏడుస్తుందా? ఏడ్చింది. గుడి వెనక దేవగన్నేరు కింద పాతిపెట్టి, ముక్కు చీదుకుని, ఎగువ వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టింది.

ఆ నెలలోనే ఒక కొత్త జంట వచ్చి తొమ్మిది చేపలు వదిలారు. అవి కిందికి దిగి, తిరిగి పైకొచ్చి, ఆ పెళ్లికూతురు కళ్లముందే పక్కకి వాలిపోయాయి. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే గుడిలో పెద్ద భిక్షువు, అందరూ లువాంగ్ పో అని పిలిచే ఇయం, మెట్ల దాకా దిగివచ్చాడు. పెద్దాయన మాట్లాడేదే తక్కువ, అదీ మెల్లగా. సంసారులందర్నీ యోమ్ అనే పిలుస్తాడు.

"యోమ్ ప్రయోంగ్, జనం పుణ్యం కోసం వచ్చి పాపం మోసుకుపోతున్నారు. మా వానాకాలపు దీక్ష, ఈ వర్షావాసం ముగిసే రోజు దాకా చూస్తాను. అప్పటికీ చేపలు తేలుతుంటే ఈ రేవుకి గేటు పెట్టించి తాళం వేయిస్తాను."

"తాళం నా రేవుకెందుకు లువాంగ్ పో, ఎగువన ఆ గొట్టానికి వేయించండి."

పెద్దాయన తలెత్తి గుడి కప్పు వైపు చూశాడు. కొత్త పెంకులు ఎండలో మెరుస్తున్నాయి. వేయించింది సియా కిమ్‌లెంగే.

"చిన్న భిక్షువుల నెత్తిన వాన పడకుండా ఆపుతున్నది ఆయన పెంకులే" అన్నాడు. "నా నోరు కట్టేసింది కూడా అవే. అబద్ధం చెప్పను."

ప్రయోంగ్ తన తొట్లున్న మెట్టు వైపు చూసింది. ఆ మెట్టు మీద అంతకుముందు వాళ్లమ్మ కూచునేది. అమ్మ పోయాక ముప్ఫై ఒక్క ఏళ్లుగా తను. రేవు లేకపోతే వేరే చోట వేరే ఏదైనా అమ్ముకోవచ్చు, అది కాదు బాధ. ఆ మెట్టు లేని ప్రయోంగ్ ఎవరో ఆవిడకే తెలియదు. అర్జీలు పెట్టడం ఎప్పుడో అయింది, మూడుసార్లు. మూడుసార్లూ జిల్లా నుంచి మనుషులు సీసాలు పట్టుకొచ్చి, మిల్లుకి సెలవున్న రోజు చూసి నీళ్లు పట్టుకెళ్లి, దివ్యంగా ఉన్నాయని రాశారు.

ఆ మధ్యాహ్నం పచ్చి మామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్దుకుని, పక్క మండపంలో ముగ్గు గీసిన పలకా పేకముక్కలూ పెట్టుకుని జోస్యం చెప్పే కేసోన్ దగ్గర కూచుంది. ఇద్దరూ ఇరవయ్యేళ్లుగా నేస్తాలు. కేసోన్ రెండేళ్లు చిన్న.

"ఏమే, మీ సియా జోస్యానికి ఎప్పుడొస్తున్నాడు?"

"మా సియా ఎప్పుడయ్యాడు? ఎల్లుండి వస్తానన్నాడు. అరవై నిండుతున్నాయి, కంగారుగా ఉన్నాడు. అరవైలో రాహువు కాలు పట్టి లాగుతాడని ఎవరో చెప్పార్ట."

"లాగుతాడు. గట్టిగా లాగుతాడని చెప్పు. విరుగుడు కూడా చెప్పు. వయసుకి ఒకటి కలిపి, అరవై ఒక్క చేపలు వదలాలి. తెల్ల పొలుసులవి, వెండి పరిగెలు. సొంత కాలువలో, సొంత చేత్తో. అగరొత్తి కాలేలోపు ఒక్కటి తేలినా..."

కేసోన్ మామిడి ముక్క నోటి దాకా తెచ్చి ఆపేసింది. "అక్కా, నన్ను అబద్ధం చెప్పమంటావా?"

"ఇన్నాళ్లూ చెప్పిందేమిటే మరి?"

"ఇన్నాళ్లూ చెప్పింది నిజమో అబద్ధమో నాకే తెలియదు. ఇది తెలిసి చెప్పడం. తేడా లేదూ?"

"ఉంది. తెలిసి చెప్తే ఇంకా బాగా చెప్తావు."

కేసోన్ మూడు ముక్కలు తినేదాకా ఆలోచించింది. ఆమె ఇంటి బావి కూడా కాలువ పక్కనే, నీళ్లు కాస్తే గిన్నెకి ఊదారంగు అంటుతోంది. "తేలితే ఏమవుతుందని చెప్పను?" అంది చివరికి.

"ఏమీ చెప్పకు. నిట్టూర్చు చాలు. మిగతాది ఆయనే ఊహించుకుంటాడు."

రెండో రోజు సాయంత్రం, కేసోన్ జోస్యం విని, సియా కిమ్‌లెంగ్ రేవుకొచ్చాడు. డ్రైవరు గొడుగు పట్టాడు. మెడలో ఏడు తాయెత్తులు, బంగారు గొలుసుకి గుత్తులుగా వేలాడుతున్నాయి. మనిషి చెడ్డవాడేం కాదు. పనివాళ్లకి పండక్కి కోళ్లిస్తాడు, గుడికి పెంకులిస్తాడు. తన గొట్టంలోంచి బయటికి పోయిందేదైనా ఇక తనది కాదని మాత్రం గట్టిగా నమ్ముతాడు.

"ప్రయోంగ్, నీ దగ్గర వెండి పరిగెలు లేవా?"

"లేవు సియా. కావాలంటే సుఫాన్ చెరువుల నుంచి తెప్పిస్తా. ఇక్కడ వదిలితే మాత్రం బతకవు."

"ఎవరన్నారు? మా నీళ్లకి సర్టిఫికెట్ ఉంది. ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో తగిలించాను."

"ఉంటుంది సియా, కాదన్నానా? చేపలకి చదువు రాదు, అదే చిక్కు."

డ్రైవరు గొడుగు చాటున నవ్వు ఆపుకున్నాడు. సియా కనుబొమలు ముడిచాడు. "సరే, ముందు మూడు తెప్పించు. చూద్దాం."

మర్నాడు మూడు పరిగెలు నీళ్ల సంచిలో వచ్చాయి. అరచేతంత ఉన్నాయి, తెల్లగా, కడిగిన చెంచాల్లా. వాటిని చూస్తుంటే ప్రయోంగ్‌కి మనసొప్పలేదు. చావడానికే తెప్పించానని తెలుసు. కళ్లు మూసుకుని వాటికి క్షమాపణ చెప్పుకుంది. సియా అగరొత్తి గుచ్చి మూడింటినీ వదిలాడు. అవి ఊదారంగు నీళ్లలోకి చటుక్కున దూకి మాయమయ్యాయి.

"చూశావా? నాటకాలు నువ్వూ..." అనబోయాడు సియా.

అగరొత్తి పావువంతు కూడా కాలలేదు. మొదటిది పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది. రెండోది గుండ్రంగా తిరిగింది. మూడోది మెట్టు దగ్గరికే వచ్చి, సియా చెప్పుల ముందు పక్కకి ఒరిగింది. వాటి కళ్లు తేలిపోయాయి. సియా కళ్లు కూడా ఇంచుమించు అంతే.

"మూడు పోయాయి" అన్నాడు మెల్లగా. "అంటే... మూడేళ్లా?"

"అబ్బే, ఇవి ముహూర్తం లేని చేపలు" అంది ప్రయోంగ్, చచ్చినవాటిని చేతివలతో ఏరుతూ. "లెక్కలోకి రావనుకుంటా. మహా అయితే సగం లెక్క."

అక్కడి నుంచి సియా బుర్ర పాదరసంలా పనిచేసింది, వంకర దారుల్లోనే. ఊరవతల మంచి కాలువలో వదులుతానన్నాడు. సొంత కాలువలోనే అని జోస్యంలో ఉందని కేసోన్ నిట్టూర్చింది. రేవులో ట్యాంకర్లతో మంచినీళ్లు పోయిస్తానన్నాడు. పోయించండి, మరి కాలువ పారకుండా ఆగుతుందా అని ప్రయోంగ్ అడిగింది. ప్లాస్టిక్ చేపలు... అని మొదలుపెట్టి తనే నోరు మూసుకున్నాడు.

చివరికి పుట్టినరోజు ముహూర్తానికి పన్నెండు రోజుల గడువుండగా సియా చేయాల్సిన పని చేశాడు. అసలు మిల్లు వెనక నీళ్లు శుద్ధి చేసే మిషను ఎప్పటి నుంచో ఉంది. సర్టిఫికెట్ కోసం కొన్నదే. తనిఖీకి మనుషులొచ్చిన రోజు తప్ప దాని స్విచ్చి ఎవరూ ముట్టుకోరు, కరెంటు తింటుందని. దాని మీద బట్టలారేసుకుంటున్నారు. ఇప్పుడా బట్టలు తీయించి, మిషను వేయించి, మురికి గొట్టం కట్టేయించాడు. పెద్ద నది దగ్గర తూము కూడా ఎత్తించాడు, కొత్త నీళ్లు రావాలని. అందరికీ తెలిసిన ఈ పనులన్నీ మూడు అర్జీలకి జరగలేదు, ఒక నిట్టూర్పుకి జరిగాయి.

ముందు వాసన పోయింది. నాలుగో రోజుకి నురగ పోయింది. పైనుంచి వానలు కూడా కలిసొచ్చాయి. ఏడో రోజు నీటి మీద పరిగెత్తే పురుగులు నాలుగు కనిపించాయి, ఎక్కడి నుంచి వచ్చాయో. తొమ్మిదో రోజు పొద్దున ప్రయోంగ్ తొట్లు కడగడానికి మూడో మెట్టు దాకా దిగింది. మోకాలి లోతు నీళ్లు. కిందికి చూస్తే తన కాళ్లు తనకు కనబడ్డాయి. వేళ్లతో సహా. ఆరేళ్లలో కాలివేళ్లు ఇంత ముసలివైపోయాయా అనుకుంది. తొట్టి కడగడం మర్చిపోయి చాలాసేపు అలాగే నిలబడింది. ఎంత సంతోషం కలిగిందో అంత కోపమూ వచ్చింది. ఇంత సులువా? ఒక స్విచ్చి?

పుట్టినరోజు వర్షావాసం ముగింపుకి రెండు రోజుల ముందు పడింది. ఊరంతా రేవులో చేరింది. సియా తెల్లబట్టల్లో, చెమటలు కక్కుతూ. పెద్దాయన మంత్రాలు చదివాడు. ప్రయోంగ్ ఒక్కొక్క పరిగెనీ చేటలో పెట్టి అందిస్తే సియా రెండు చేతులా ఎత్తి వదిలాడు. ముప్ఫై దాటాక నడుం పట్టేసింది, కానీ సొంత చేత్తో అన్నారు కదా, ఆపలేదు. అరవై ఒకటోది వదిలాక అందరూ నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డారు. అగరొత్తి కాలుతోంది. సగం అయింది. కేసోన్ కళ్లు మూసుకుని నిజంగానే ఏవో మొక్కుకుంటోంది. అగరొత్తి మొదలు దాకా కాలి బూడిద రాలింది. నీళ్ల మీద ఒక్క తెల్లటి పొట్ట కూడా లేదు. లోపల, పచ్చటి నీళ్లలో, వెండి మెరుపులు గుంపుగా తిరుగుతున్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. సియా ఫోటో దిగాడు, రెండు ఫోటోలు దిగాడు, ప్రయోంగ్‌తో కూడా దిగాడు. ఆ ఊపులోనే జేబులోంచి ఫోను తీశాడు.

"ఏరా, అయిపోయింది. రేపట్నుంచి మామూలే. మిషను ఆపేయ్, కరెంటు దండగ."

పక్కనే ఉన్న ప్రయోంగ్ విన్నది. ఒళ్లు మండిపోయింది. ఇంత చేసి, ఇన్ని ఎత్తులు వేసి, తను సంపాదించింది పన్నెండు రోజులా? ఎల్లుండి రేవుకి తాళం. రేపో ఎల్లుండో ఈ అరవై ఒకటీ మెట్ల దగ్గరికి తేలుకుంటూ వస్తాయి, తన చేత్తో అందించినవి. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సియా, వదిలేస్తే అయిపోయిందనుకుంటున్నారా?"

"కాలేదా? ఒక్కటీ తేలలేదుగా."

"మీరు వదిలింది చేపలనుకుంటున్నారు. వయసుకి ఒకటి కలిపి వదిలారు కదా? అవి మీ ఏళ్లు. అరవై ఒక్క ఏళ్లూ ఇప్పుడీ నీళ్లలోనే తిరుగుతున్నాయి. రేపు గొట్టం విప్పితే తేలేవి ఏమిటంటారు?"

సియా మొహంలో రంగు మారింది. కేసోన్ వైపు తిరిగాడు. "నువ్వు ఈ మాట చెప్పలేదే!"

ఇది అనుకున్న నాటకంలో లేని ముక్క. కేసోన్ ఉలిక్కిపడి, "చెప్పాలా? అంతేగా మరి, అది... అందరికీ తెలిసిందేగా" అంది. తర్వాత గుర్తొచ్చి నిట్టూర్చింది.

సియా ఆఖరి ఆశగా పెద్దాయన్ని పట్టుకున్నాడు. "లువాంగ్ పో, శాస్త్రంలో ఇలా ఉందా?"

పెద్దాయన కాలువని చూశాడు. ఈసారి పెంకుల వైపు చూడలేదు. "శాస్త్రంలో ఏముందో పుస్తకం తీసి చూడాలి యోమ్. ప్రాణం పోసిన చేత్తోనే విషం పోస్తే దాన్ని ఏమంటారో చెప్పడానికి మాత్రం పుస్తకం అక్కర్లేదు."

సియా మళ్లీ ఫోను తీశాడు. "ఏరా, ఆపేశావా? ఆపమని నేనెప్పుడన్నాను? వెయ్యి! వెయ్యరా, ఇప్పుడే!"

ప్రయోంగ్ ఆ రోజు తొట్లు ఎత్తుకుని ఇంటికెళ్తూ పాట పాడుకుంది. రెండు రోజుల తర్వాత వర్షావాసం ముగిసింది. ఒక్క చేప తేలలేదు, గేటూ రాలేదు. అంతా తను అనుకున్నట్టే జరిగిందని మురిసిపోయింది. భయపడ్డ షావుకారు ఎంత దూరం వెళ్తాడో మాత్రం ఊహించలేకపోయింది.

సియా తన ఏళ్లకి కాపలా పెట్టాడు. కాలువ పొడుగునా ఇద్దరు మనుషులు పడవలో తిరగడం మొదలుపెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం సియా రేవులోకి దూసుకొచ్చాడు, వెనకాల డ్రైవరు. డ్రైవరు చేతిలో నీళ్లోడుతున్న వెదురు మావు. మావులో రెండు జెల్లలూ, రెండు వెండి పరిగెలూ.

"నా రెండేళ్లు!" అని అరిచాడు సియా. "నా రెండేళ్లు దొంగిలించావే!"

రేవులో ఉన్న పదిమందీ తిరిగి చూశారు. అట్టముక్కల వైపు చూశారు, మావు వైపు చూశారు. అప్పుడే అయిదు జెల్లలు కొన్న ఒకావిడ తన సంచిలోకి అనుమానంగా తొంగిచూసింది. ప్రయోంగ్ అడ్డంగా దొరికిపోయింది. ఆ మావు పరిగెల కోసం పెట్టలేదు, నిజానికి దేనికోసమూ పెట్టలేదు. పొద్దున లేచి చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది. ఆ మాట చెప్తే ఎవరు నమ్ముతారు?

"పోలీసుల్ని పిలుస్తాను" అన్నాడు సియా.

"పిలవండి" అంది ప్రయోంగ్. "దొంగనే. ఒప్పుకుంటున్నాను. వదిలినవాటిని పట్టాను, పట్టినవాటినే మళ్లీ అమ్మాను, ఏళ్ల తరబడి. సిగ్గుపడాల్సిన పనే. కానీ నేను పట్టినవాటిని చంపలేదు సియా. మీరు పట్టకుండానే చంపారు. రొయ్యల్ని చంపారు, పరిగెల్ని చంపారు, కొంగల్ని తరిమారు. నా గుమాస్తాని చంపారు."

"గుమాస్తానా?" సియా అదిరిపడ్డాడు. "ఎవరా మనిషి? నాకే గుమాస్తా తెలియదు!"

"జెల్ల" అంది కేసోన్ మండపంలోంచి, సాయం చేస్తున్నాననుకుని.

గొడవ విని పెద్దాయన దిగివచ్చాడు. ఇద్దర్నీ ఒకే మెట్టు మీద కూచోమన్నాడు. సియా తెల్ల ప్యాంటు తడిసింది. పెద్దాయన ముందా మావు తెరిపించి, లోపలివాటిని నీళ్లలోకి వదిలించాడు. సియా ఆ రెండు పరిగెలూ మునిగేదాకా మెడ సాచి చూశాడు.

"ఒకరేమో ఒకే పుణ్యాన్ని పదిసార్లు అమ్మారు" అన్నాడు పెద్దాయన. "ఒకరేమో ఊరందరికీ పాపం ఉచితంగా పంచారు. ఎవరిని ముందు పోలీసులకి ఇవ్వాలో నాకు తేలడం లేదు. ఇలా చేద్దాం. ఈ మావు గుడి వంటింటి పొయ్యిలోకి పోతుంది. యోమ్ కిమ్‌లెంగ్ గొట్టం మిల్లు వెనక తోట చాటున కాదు, ఇక్కడికి వస్తుంది. మిషను దాటిన నీళ్లు ఈ రేవు మెట్ల పక్కనే, నా కళ్లముందు పడాలి. తేడా వస్తే ముందు మాకు వాసన తెలుస్తుంది, మీకు మీ ఏళ్లు తెలుస్తాయి."

"ఇంత దూరం గొట్టమా?" అన్నాడు సియా.

"పెంకులు ఇంతకంటే ఎత్తుకి మోయించారుగా."

సియా నీళ్లలోకి చూశాడు. వెండి మెరుపొకటి తిరిగింది. తల ఊపాడు. పక్కన కూచున్న దొంగ కూడా తల ఊపింది.

ఆ తర్వాత సియా ప్రతి పొద్దునా ఏడింటికి రేవుకి రావడం మొదలుపెట్టాడు. ప్రయోంగ్ దగ్గర రొట్టె కొని, తుంచి తుంచి వేస్తాడు. గొట్టం కింద అరచెయ్యి పెట్టి నీళ్లు వాసన చూస్తాడు. కరెంటు ఖర్చు గురించి పావుగంట గొణుగుతాడు, ప్రయోంగ్ ఊఁ కొడుతుంది. చలికాలం పోయేసరికి గుంజల మీద చిన్న చిన్న నత్తలు అంటుకున్నాయి, ఇక్కడ పుట్టినవే. ఎండలు ముదిరేసరికి రొయ్యలొచ్చాయి, అద్దంలా, లోపలి నల్లటి గీత కనబడుతూ. ఒకరోజు మెట్ల కింద నీడలో సూదుల్లాంటి చేపపిల్లలు వందలు కనిపించాయి.

"ప్రయోంగ్! పిల్లలు పెట్టాయి!" సియా గుసగుసగా అరిచాడు, అవెక్కడ బెదురుతాయోనని. "ఇవి కూడా నా లెక్కలోకి వస్తాయా?"

"వడ్డీ కింద వస్తాయి సియా" అంది ప్రయోంగ్. ఆయన ఆ రోజు రెండు రొట్టెలు వేశాడు.

వేసవి నడిమధ్యలో ఒక తెల్లవారుజామున, తొట్లు దించుతుంటే ఆఖరి మెట్టు దగ్గర తెల్లగా ఏదో తగిలింది. వెండి పరిగె. చచ్చిపోయింది. ప్రయోంగ్ చటుక్కున గొట్టం దగ్గరికి పోయి వాసన చూసింది. ఏమీ లేదు. నీళ్లు మంచివే. చేప వీపు మీద ముక్కుతో పొడిచిన గాయం ఉంది, లోతుగా. కొంగలు తిరిగొచ్చాయన్నమాట. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

సియా రావడానికి ఇంకా అరగంట ఉంది. చేపను అరిటాకులో చుట్టి, దేవగన్నేరు కింద గుమాస్తా పక్కన పెట్టి వచ్చింది. అంతే, అయిపోయింది. అరవై ఒకటి అరవై అయిందని ఎవరికి తెలుస్తుంది? నీళ్లలో తిరిగేవాటిని ఎవడు లెక్కపెడతాడు? కూచుని తొట్లకి అట్టముక్కలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. సియాకి తెలియదు, నిజమే. తనకి తెలుసు.

లేచి పరిగెల తొట్టి దగ్గరికెళ్లింది. ఈ మధ్యే మళ్లీ తెస్తోంది వాటిని. అన్నిటికంటే పెద్దదాన్ని, అమ్మితే మంచి ధర పలికేదాన్ని, రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో కొన్ని వేలమందికి ఏ చేపతో ఏ కోరిక కోరాలో నేర్పింది. తను ఒక్క చేపనీ వదల్లేదు, ఒక్క రోజూ. ఇప్పుడేం కోరుకోవాలో ఎంత వెతికినా తట్టలేదు. చేతుల్లో చేప బలంగా కొట్టుకుంటోంది. చేతులు నీళ్లలో ముంచి తెరిచింది. అది తన కాళ్ల మధ్యలోంచి దూసుకుపోయింది.

సియా కారు ఆగింది. గొడుగు లేకుండానే గబగబా దిగి, రోజూ అడిగేదే అడిగాడు.

"ఏం ప్రయోంగ్, అందరూ ఉన్నారా?"

తడి చేతులు లుంగీకి తుడుచుకుని, రొట్టె తీసి ఇచ్చింది.

"అరవై ఒకటీ ఉన్నాయి సియా" అంది. రోజూ చెప్పే మాటే. ఆ రోజు మాత్రం చెప్పేటప్పుడు ఆయన కళ్లలోకి చూసి చెప్పింది.